చదివితే రాసి చూపించండి

మన విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో అబద్ధం అన్నిటికన్నా ఎక్కువగా దాక్కునే చోటు చివరి పది పదిహేను పేజీలు. 'ఉపయుక్త గ్రంథసూచి' అని శీర్షిక పెట్టి అకారాది క్రమంలో రెండు వందల పుస్తకాల పేర్లు దించుతారు. వాటిని ఎవరూ చూడరు. గైడు చూడడు, పరీక్షకుడు చూడడు, వైవాలో వాటి మీద ప్రశ్న రాదు. ఆ జాబితాలో ఉన్న ప్రతి పేరూ 'ఈ పుస్తకం నేను చదివాను, నా పరిశోధనకు ఇది పనికొచ్చింది' అని పరిశోధకుడు ఇస్తున్న వాంగ్మూలం. చదవని పుస్తకాన్ని అందులో చేర్చితే అది దొంగ వాంగ్మూలం. సంతకం పెట్టి, గైడు చేత సర్టిఫికెట్ రాయించి, దాని మీద డాక్టరేట్ పుచ్చుకునే దొంగ వాంగ్మూలం. ఈ మాటను మెత్తగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

నేను అడిగేది ఒక్కటే. పీహెచ్‌డీకి వచ్చే ప్రతి పరిశోధన గ్రంథానికీ వ్యాఖ్యాసహిత గ్రంథసూచి తప్పనిసరి చేయాలి. కోర్సు వర్కులో అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ అని ఒక పూట పాఠం చెప్పి వదిలేస్తున్నారే, అదే. పుస్తకం పేరు కింద పరిశోధకుడు సొంత మాటల్లో నూరు, నూటయాభై మాటలు రాయాలి. ఈ పుస్తకం ఏం వాదిస్తోంది, ఏ ఆధారం చూపి వాదిస్తోంది, ఆ ఆధారం ఎంత బరువు మోస్తుంది, నా ప్రశ్నకు ఎక్కడ అక్కరకొచ్చింది, ఎక్కడ నేను దీనితో విభేదించాను. అంతే. అమెరికాలో బీఏ చదివే పిల్లలకు ఇది టర్మ్ పేపర్‌కు ముందు ఇచ్చే హోంవర్కు. మన దగ్గర ఐదేళ్లు పరిశోధన చేసినవాళ్లను కూడా ఎవరూ అడగరు.

జాబితాలు ఎలా తయారవుతున్నాయో విశ్వవిద్యాలయాల గేట్ల ముందున్న డీటీపీ సెంటర్లలో ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. అదే అంశం మీద ఐదేళ్ల కిందట వచ్చిన థీసిస్ ఒకటి తెస్తారు. దాని చివరి పేజీలు టైపు చేయిస్తారు. పైన గైడు గారి పుస్తకాలు రెండు మూడు చేర్చుతారు, కింద ఇంగ్లీషు పుస్తకాలు ఓ ముప్పై. 'జాబితా నిండుగా ఉండాలమ్మా' అన్న మాట నేను ఎన్నోసార్లు, ఎన్నో నోళ్ల నుంచి విన్నాను. నిండుగా ఉండటమే అక్కడ కొలత. ఒకే శాఖ నుంచి కొన్నేళ్ల తేడాతో వచ్చిన రెండు సిద్ధాంత గ్రంథాలను పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో ఒక రచయిత ఇంటిపేరు తప్పు పడింది. రెండోదాంట్లోనూ అదే తప్పు, అక్షరం పొల్లుపోకుండా. రెండో వ్యక్తి ఆ పుస్తకం అట్ట చూసినా ఆ తప్పు దొర్లేది కాదు.

ఇలా తప్పు అచ్చుల వెంట నడిచి లోకమంతటి చదువరితనాన్ని కొలిచినవాళ్లు ఉన్నారు. మిఖాయిల్ సిమ్కిన్, వ్వానీ రాయ్‌చౌధురీ 2003 ప్రాంతంలో ఆ పని చేశారు. భౌతికశాస్త్రంలో పేరున్న 1973 నాటి వ్యాసం ఒకటి తీసుకుని, దాన్ని ఉదహరించిన సుమారు 4,300 చోట్లు పరిశీలించారు. 196 చోట్ల అచ్చుతప్పులున్నాయి. కానీ వేరువేరు తప్పులు 45 మాత్రమే. పేజీ సంఖ్యలో పడిన ఒకే ఒక తప్పు 78 సార్లు మళ్లీ మళ్లీ వచ్చింది. 78 మందికి వేరువేరుగా అదే అంకె తప్పు పడదు. ఒకరి జాబితా చూసి ఒకరు దించుకున్నారు. ఈ లెక్కలతో వాళ్లు వేసిన అంచనా ప్రకారం ఉదహరించేవాళ్లలో మూలవ్యాసం చదివేది సుమారు ఐదోవంతు మంది. ఆ అంచనా కాస్త అటూ ఇటూ కావచ్చు. దించుకున్నారన్నది మాత్రం కొట్టేయలేని నిజం.

పుట్టని వ్యాసానికి కూడా ఈ పద్ధతి ప్రాణం పోసింది. పత్రికలకు వ్యాసం ఎలా పంపాలో చెప్పే మార్గదర్శక పత్రంలో ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ నమూనాకోసం ఒక ఉల్లేఖనం ఇచ్చింది. వాన్ డెర్ గీర్, మరో ఇద్దరు రాశారని, 2000 సంవత్సరంలో వచ్చిందని. అలాంటి వ్యాసం లేదు. అలాంటి పత్రికా లేదు. అయినా వందల పరిశోధన పత్రాల చివర ఆ పేరు దర్జాగా కూర్చుంది. పీటర్ క్రూనెన్‌బెర్గ్ అనే డచ్ ఆచార్యుడు దాన్ని పసిగట్టేదాకా ఏ సంపాదకుడూ, ఏ సమీక్షకుడూ 'దీన్ని నువ్వు చదివావా' అని అడగలేదు. దాని కింద మూడు వాక్యాల వ్యాఖ్య రాయమని ఒక్కరు అడిగి ఉంటే రచయిత చేయి అక్కడే ఆగేది. లేని వ్యాసం ఏం చెబుతోందని రాస్తాడు?

ఇది పండితుల మధ్య పోయే చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం ఇంకో సంగతి చెప్పాలి. దీన్ని నేను కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఒక్క వాక్యం వ్యాఖ్య లేకపోతే ఏమవుతుందో దీనికన్నా గట్టిగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాళ్లు జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. ఉత్తరం మొత్తం ఒకే పేరా, ఐదు వాక్యాలు. ఆసుపత్రుల్లో చేరిన రోగుల రికార్డులు చూశామని, నల్లమందు జాతి నొప్పిమందులు కనీసం ఒకసారైనా తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో, సరైన రుజువుతో వ్యసనం కనిపించింది నలుగురిలోనేనని రాశారు. రాసినంతవరకు అందులో అబద్ధం లేదు. ఆసుపత్రిలో, నర్సు చేతి మీదుగా మందు తీసుకునే రోగి సంగతి అది. ఇంటికి సీసా పట్టుకెళ్లి నెలలూ ఏళ్లూ మింగే రోగి గురించి ఆ ఉత్తరం ఒక్క మాట కూడా చెప్పలేదు.

తర్వాతి దశాబ్దాల్లో ఆ ఉత్తరం శాస్త్ర ప్రమాణం అయిపోయింది. 2017లో కెనడా పరిశోధకులు అదే పత్రికలో లెక్క తేల్చారు. 608 చోట్ల దాన్ని ఉదహరించారు. అందులో 439 చోట్ల, అంటే 72.2 శాతం, ఈ మందులతో వ్యసనం అరుదు అనడానికి రుజువుగా వాడుకున్నారు. 491 చోట్ల, 80.8 శాతం, ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న సంగతే రాయలేదు. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఇదే జాతి నొప్పిమందు బజారుకొచ్చాక ఈ ఉల్లేఖనాలు ఇంకా పెరిగాయి. ఆ మందుల వ్యసనంతో అమెరికాలో లక్షల మంది చచ్చిపోయారు. ఉత్తరం ఒక్కటే చంపిందని నేననను. మందుల కంపెనీల దురాశ ఉంది, డాక్టర్ల నిర్లక్ష్యం ఉంది, నియంత్రణ సంస్థల నిద్ర ఉంది. కానీ ఆ 608 మందిలో ప్రతి ఒక్కరినీ 'ఐదు వాక్యాల ఉత్తరం, పూర్తి అధ్యయనం కాదు, ఆసుపత్రి రోగులకే వర్తిస్తుంది' అని పేరు కింద రాయమని ఉంటే? ఆ మాట రాయాలంటే ఉత్తరం తెరవాలి. తెరిస్తే ఒక నిమిషంలో అయిపోతుంది. ఆ ఒక్క నిమిషం పెట్టనివాళ్లే ఎక్కువమంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, మనం యూజీసీ అని పిలుచుకునేది, 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం దాటితే ఒక మెట్టు శిక్ష, 40 దాటితే ఇంకొకటి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మంచిదే. ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. పోలిక లెక్కించేటప్పుడు ఆధార గ్రంథాల జాబితాను, విషయసూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను పక్కన పెట్టాలి. సాంకేతికంగా ఇది న్యాయమే, పుస్తకాల పేర్లు అందరి జాబితాల్లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి. ఫలితం మాత్రం ఏమిటి? పరిశోధనకు ఆధారమైన భాగాల్లో ఎవరి నిఘా పడనిది ఆ జాబితా ఒక్కటే అయింది. సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది, మనుషులు ముందే వదిలేశారు. ఒకరి వాక్యం దొంగిలిస్తే దొరుకుతావు, ఒకరి చదువంతా దొంగిలించి నీ చదువని చెప్పుకుంటే దొరకవు. పైగా దొంగిలించిన ఆ జాబితా సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో చేరి, రేపు వచ్చే మరో స్కాలరుకు దించుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

దీని మీద ఇప్పుడు కృత్రిమ మేధ అనే యంత్రం వచ్చి పడింది. అడిగిన క్షణంలో ఇరవై పుస్తకాల పేర్లు ఇస్తుంది, రచయిత, సంవత్సరం, పేజీ సంఖ్య అన్నీ కలిపి. 2023లో వాల్టర్స్, వైల్డర్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి చూస్తే జీపీటీ-3.5 ఇచ్చిన ఉల్లేఖనాల్లో 55 శాతం, జీపీటీ-4 ఇచ్చినవాటిలో 18 శాతం కల్పితాలు. కొత్త వాటిలో ఆ శాతం తగ్గవచ్చు, తగ్గాలి కూడా. అదే ఏడాది న్యూయార్క్ కోర్టులో లేని తీర్పులను ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. కోర్టులో ఎదుటి పక్షం లాయరు ఉంటాడు, తీర్పు తెరిచి చూస్తాడు, అందుకే దొరికారు. మన వైవా గదిలో ఎదుటి పక్షం ఎవరు?

యంత్రమే వ్యాఖ్య కూడా రాసిపెడుతుంది కదా అని మీరు అడుగుతారు. రాస్తుంది. అందుకే వ్యాఖ్యలో యంత్రానికి అందని సంగతి అడగాలి. మీ చేతికొచ్చిన ప్రతి ఏది, ఏ గ్రంథాలయంలో చూశారు, ఎన్నో ముద్రణ, ఏ పేజీలో వాదం మలుపు తిరిగింది, మీ మూడో అధ్యాయంలో దాన్ని ఏ వాక్యానికి వాడుకున్నారు. వీటిని యంత్రం చేత రాయించి తెచ్చినా, ఎదురుగా కూర్చున్న పరీక్షకుడికి ప్రశ్న అడగడానికి ఒక పట్టు దొరుకుతుంది. ఉత్త పేర్ల జాబితా ఆ పట్టు ఇవ్వదు. దాని ముందు పరీక్షకుడు నిరాయుధుడు.

తెలుగు పరిశోధనకు ఈ అవసరం ఇంగ్లీషు పరిశోధనకన్నా పదింతలు ఎక్కువ. మన పుస్తకాల స్థితి అలాంటిది. ముద్రణ సంవత్సరం ఉండదు, ఉన్నా ప్రభవ విభవల్లో ఒక పేరుంటుంది, అది ఏ అరవై ఏళ్ల చక్రంలోదో మనమే తేల్చుకోవాలి. పునర్ముద్రణకు ప్రథమ ముద్రణ అని వేస్తారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల కొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి పెద్ద మేలు చేసింది. కానీ వాటి పేర్లు రోమన్ లిపిలో విరిగి ముక్కలై, రచయిత ఎవరో, సంపాదకుడు ఎవరో కలగాపులగమైపోయాయి. ఇలాంటి అడవిలో పుస్తకం పేరు ఒక్కటే రాస్తే ఏం రాసినట్టు?

కన్యాశుల్కమే తీసుకోండి. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని పూర్తిగా తిరగరాసి వేశాడు. ఐదంకాల నాటకం ఏడంకాలైంది. మధురవాణి పెరిగి పెద్దదై నాటకాన్నే తన చేతిలోకి తీసుకుంది. ఇవి ఒకే పేరున్న రెండు నాటకాలు. మొదటి కూర్పును సాహిత్య పరిశోధకుడు బంగోరె పట్టుదలతో మళ్లీ వెలుగులోకి తెచ్చింది ఈ తేడా మనకు తెలియాలనే. అయినా 1892 నాటి విజయనగరం ప్రేక్షకుల మనసు గురించి రాస్తూ 1909 పాఠంలోని సంభాషణలు చూపించే పరిశోధన వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటి చివర జాబితాలో 'కన్యాశుల్కం, గురజాడ అప్పారావు' అని ఉంటుంది. ఏ కన్యాశుల్కం? చెప్పరు. పేరు కింద రెండు వాక్యాలు రాయాల్సి వస్తే ఆ వ్యాసం పునాదే కదిలేది.

వేమన సంగతి ఇంకా కష్టం. 'వేమన పద్యాలు' అని రాస్తే ఏమీ రాయనట్టే. దాని కింద వ్యాఖ్య ఎలా ఉండాలో నేను రాసి చూపిస్తాను. 'సి.పి. బ్రౌన్ 1829 కూర్పు. 693 పద్యాలు, ఇంగ్లీషు అనువాదంతో. తాను సేకరించిన రాతప్రతుల నుంచి బ్రౌన్ ఎంపిక చేసినవి. నీతి, మతం, వ్యంగ్యం అన్న విభజన బ్రౌన్‌ది, వేమనది కాదు. అందుకే వేమన ఆలోచన ఏ క్రమంలో ఎదిగిందో చెప్పడానికి ఈ వరుసను ఆధారం చేసుకోలేదు. పదేళ్ల తర్వాతి 1839 కూర్పులో పద్యాలు వెయ్యి దాటాయి. పెరిగినవాటిలో ఏ పద్యాన్నైనా నా రెండో అధ్యాయంలో వాడినప్పుడు అది 1829లో లేదని అక్కడే చెప్పాను.' ఇంత చిన్న పేరాలో పరిశోధకుడి నిజాయితీ, జాగ్రత్త, అతని పద్ధతి మూడూ కనిపిస్తాయి. చదివే మనకు రేపు ఆ పుస్తకం పట్టుకుంటే ఎక్కడ జాగ్రత్తగా అడుగేయాలో తెలుస్తుంది. దీనికి పాండిత్యం కూడా అక్కర్లేదు. పుస్తకం తెరిస్తే చాలు.

ఇది బయటి నుంచి తెచ్చుకున్న అలవాటు అని ముఖం చిట్లించేవాళ్లకు మల్లినాథ సూరిని గుర్తుచేస్తాను. మెదక్ సీమలోని కోలాచలం మనిషి. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యలు ఇవాళ్టికీ కాశీలోనూ కంచిలోనూ పాఠం చెబుతారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని వ్యాఖ్య మొదట్లోనే ప్రతిజ్ఞ చేసి మరీ మొదలుపెట్టాడు. ఆ ప్రతిజ్ఞ చేసిన గడ్డ మీద ఇవాళ తెలుగు శాఖలు మూలం చూడకుండా మూలాల జాబితా వేస్తున్నాయి. నాకు సిగ్గుగా ఉంది, కోపంగానూ ఉంది.

గైడ్ల వాదన నాకు తెలుసు. ప్రొఫెసరు కింద 8 మంది స్కాలర్లు ఉండవచ్చు, అసోసియేట్ ప్రొఫెసరు కింద 6 మంది, అసిస్టెంటు కింద 4. ఒక్కొక్కరు వంద పుస్తకాలకు వ్యాఖ్య రాస్తే ఎనిమిది వందలు ఎవరు చదవాలి అంటారు. మీరే చదవాలి. చదవలేకపోతే ఎనిమిది మందిని తీసుకోకండి. అయినా వంద పుస్తకాలు ఎవరు అడిగారు? నలభై నిజంగా చదివి నలభైకీ వ్యాఖ్య రాసిన జాబితా, రెండు వందల పేర్ల జాబితాకన్నా బరువైనది. నిండుగా ఉండాలన్న పిచ్చి మీరే పెట్టారు, మీరే వదిలించాలి.

స్కాలర్ల పక్షాన కూడా ఒక మాట ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. ఫెలోషిప్ నెలల తరబడి రాదు. శాఖ గ్రంథాలయంలో పుస్తకం కార్డులో ఉంటుంది, బీరువాలో ఉండదు. వేటపాలెం సారస్వత నికేతనానికో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికో, చెన్నైలో కన్నెమరాకో వెళ్లాలంటే చార్జీలు సొంత జేబులోంచి. ఇదంతా నిజం. దొరకని పుస్తకాన్ని దొరకలేదని రాయండి. 'ఫలానా గ్రంథాన్ని ఫలానా చోట్ల వెతికాను, దొరకలేదు, ఫలానావారి వ్యాసంలోని ఉల్లేఖనం మీద ఆధారపడ్డాను' అని రాస్తే ఎవరూ మీ పట్టా తగ్గించరు. తర్వాత వచ్చేవాడు ఆ మూడు చోట్లూ మళ్లీ తిరగక్కర్లేదు. వ్యాఖ్యాసహిత జాబితాలో చోటున్న ఆ నిజానికి ఇప్పటి జాబితాలో చోటే లేదు. ఇప్పటి జాబితా మిమ్మల్ని అబద్ధం ఆడక తప్పని స్థితిలోకి నెడుతోంది.

ఇంకో పెద్ద లాభం ఎవరి కంటికీ ఆనడం లేదు. ఏటా తెలుగు శాఖల నుంచి వచ్చే సిద్ధాంత గ్రంథాలన్నిటి వెనకా ఇలాంటి వ్యాఖ్యలు ఉంటే, పదేళ్లలో తెలుగు పుస్తకాలకు ఒక పెద్ద పటం తయారవుతుంది. ఏ ముద్రణ నమ్మదగినది, ఏ పరిష్కరణలో పాఠాలు మారాయి, ఏ పుస్తకం ఎక్కడ మిగిలింది. సాహిత్య అకాడమీ కేశవన్, కులకర్ణిల సంపాదకత్వంలో 1901 నుంచి 1953 దాకా వచ్చిన భారతీయ సాహిత్యానికి నాలుగు సంపుటాల సూచి వేసింది, అందులో తెలుగూ ఉంది. అలాంటి పని మళ్లీ ఎవరు చేస్తారని ఎదురుచూడక్కర్లేదు. స్కాలర్లు ఎలాగూ చదవాల్సిన పుస్తకాల నుంచే అది పుడుతుంది, చదివితే.

పరిశోధన సలహా సంఘం ముందు స్కాలరు ప్రతి సెమిస్టరుకూ హాజరై ప్రగతి చెప్పాలని నిబంధన ఉంది. ఆ రోజు పవర్‌పాయింట్ స్లయిడ్లు ఎవరికీ వద్దు. ఆ సెమిస్టరులో చదివిన పది పుస్తకాలకు రాసిన వ్యాఖ్యలు తెమ్మనండి, సంఘం సభ్యులు వాటిని అక్కడే చదవాలి. అవే పోగై చివరికి గ్రంథసూచి అవుతుంది, డీటీపీ సెంటరులో ఆఖరి వారం తయారు కాదు. శోధ్‌గంగలో దాన్ని వేరే ఫైలుగా పెట్టించండి. వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ జాబితాలో ఏదో ఒక పేజీ తెరిచి, మూడు పేర్ల మీద వేలు పెట్టి, 'ఇది మీకు ఎక్కడ దొరికిందమ్మా, ఎన్నో ముద్రణ, దీనితో మీకు ఎక్కడ కుదరలేదు' అని అడగాలి. జవాబు రాకపోతే ఆ పూట పట్టా సిఫారసు చేయకూడదు. పోలిక 10 శాతం దాటిన గ్రంథాన్ని ఆరు నెలల్లోపు సవరించి తెమ్మని వెనక్కి పంపే అధికారం ఇప్పటికే మన చేతిలో ఉంది. చదవని పుస్తకాలు పేర్చిన గ్రంథాన్ని కూడా అదే గడువుతో వెనక్కి పంపండి.